దుబాయ్‌లో వేసిన జరిమానాకు జగిత్యాలలో ఇల్లు జప్తు చేస్తారా?

ప్రశ్న: సార్, మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. మా ఆయన దుబాయ్‌లో ఒక కంపెనీలో ఏడేళ్లు సూపర్‌వైజర్‌గా చేశారు. 2018లో అక్కడి బ్యాంకులో లోన్ తీసుకున్నారు. గ్యారంటీ కింద 85,000 దిర్హామ్‌ల చెక్కు మీద సంతకం పెట్టించుకున్నారు. 2020లో కరోనా టైంలో ఉద్యోగం పోయింది. ఉన్నపళంగా ఇంటికి వచ్చేశారు. బ్యాంకు ఆ చెక్కు వేస్తే బౌన్స్ అయింది. దానికి కోర్టు 5,000 దిర్హామ్‌ల జరిమానా వేసిందట. 2021లో లోన్ మొత్తం వడ్డీతో కట్టమని ఇంకో తీర్పు కూడా వచ్చిందట. అక్కడున్న స్నేహితుడు ఆ కాయితాల ఫొటోలు పంపాడు, మీకూ పంపుతున్నాను. రెండు నెలల నుంచి రికవరీ వాళ్లమంటూ ఫోన్లు. జరిమానా కట్టకపోతే ఇల్లు, భూమి జప్తు అవుతాయని, ఇంటర్‌పోల్ వస్తుందని బెదిరిస్తున్నారు. ఇల్లు మా ఆయన పేరు మీద ఉంది. రెండెకరాల భూమి నా పేరు మీద ఉంది, మా అమ్మ ఇచ్చింది. ఇల్లు వెంటనే పిల్లల పేరుకు రాసేయమని మా మరిది అంటున్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి సార్?
— ఒక సోదరి, జగిత్యాల జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు ఇంటి సంగతి. ఆ 5,000 దిర్హామ్‌ల జరిమానా కోసం మన దేశంలో ఏ కోర్టూ మీ ఇల్లు జప్తు చేయదు. మీ పేరు మీదున్న రెండెకరాల జోలికి ఆ జరిమానా కోసమూ రారు, ఆ లోన్ కోసమూ రారు. ఈ రెండు ముక్కలూ మీ ఆయనకు కూడా చదివి వినిపించండి.

అయితే రెండో కాయితం, అదే లోన్ తీర్పు, దారి వేరు. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఫోన్ చేసేవాళ్లు ఈ రెండింటినీ కలిపి ఒకే మాటగా బెదిరిస్తున్నారు. మీ భయమంతా అక్కడే పుడుతోంది. అందుకే రెండు కాయితాలనూ విడదీసి చెబుతాను.

మీరు పంపిన మొదటి ఫొటో పెద్దది చేసి చూశాను. మీరు కోర్టు జరిమానా అని రాశారు కానీ, దాని మీద ఉన్నది కోర్టు ముద్ర కాదు. అది దుబాయ్ పబ్లిక్ ప్రాసిక్యూషన్, అంటే ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే విభాగం, ఇచ్చిన ఆర్డర్. 2017లో దుబాయ్ ఒక కొత్త పద్ధతి తెచ్చింది. చిన్న మొత్తాల చెక్కు కేసులు కోర్టు దాకా వెళ్లకుండా, ప్రాసిక్యూషన్ వాళ్లే నేరుగా జరిమానా వేసి ముగించేయవచ్చు. 50,000 దిర్హామ్‌ల లోపు చెక్కుకు 2,000, లక్ష దాకా 5,000, రెండు లక్షల దాకా 10,000 అని రేటు పెట్టారు. మీ ఆయన చెక్కు 85,000ది కాబట్టి 5,000 పడింది. లెక్క సరిగ్గా సరిపోయింది. తర్వాత అక్కడి చట్టమే మారింది. 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే అది మామూలుగా నేరం కిందికి రాదు. బ్యాంకు ఆ చెక్కునే పట్టుకుని డబ్బు వసూలుకు వెళ్లవచ్చు. మీ ఆయన కేసు అంతకు ముందుది.

ఇప్పుడు మన చట్టం సంగతి. విదేశీ కోర్టు తీర్పును మన దగ్గర ఎలా అమలు చేయాలో 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 44ఏ అనే సెక్షన్ చెబుతుంది. అందులో అసలు కీలకమంతా కింద ఇచ్చిన రెండు వివరణల్లోనే ఉంది. ఏ మాటకు ఏం అర్థమో అక్కడే కట్టేశారు. లాయర్లు కూడా చాలామంది పై భాగం చదివి కింది వివరణలు వదిలేస్తారు, మీ కేసు తేలేది మాత్రం ఆ వివరణల్లోనే.

ఆ సెక్షన్‌లో డిక్రీ అంటే, ఫలానా మొత్తం డబ్బు చెల్లించమని విదేశీ పై కోర్టు ఇచ్చిన డిక్రీ లేదా తీర్పు. అక్కడితో ఆగలేదు. ఆ డబ్బు పన్ను గానీ, పన్ను లాంటి వసూలు గానీ కాకూడదు అన్నారు. జరిమానా గానీ, మరో రకం పెనాల్టీ గానీ కాకూడదు అన్నారు. ఆర్బిట్రేషన్ అవార్డు, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చిన తీర్పు, అసలే కాకూడదు అన్నారు. జరిమానా డిక్రీ కాకపోతే ఆ సెక్షన్ కింద జిల్లా కోర్టులో వేయడానికి ఏమీ లేదు. మీ మొదటి కాయితానికైతే తలుపు రెండు వైపులా మూసే ఉంది. అది జరిమానా, పైగా కోర్టు ఇచ్చింది కూడా కాదు.

ఒక దేశం వేసిన శిక్షను ఇంకో దేశం ఎందుకు అమలు చేయదు అని మీకు అనుమానం రావచ్చు. జరిమానా అనేది ఆ ప్రభుత్వం తన అధికారంతో వేసే శిక్ష. డబ్బు ఆ ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ఇంకో దేశపు ఖజానా నింపడానికి మన జిల్లా జడ్జి మన ఊరి ఇంటిని వేలం వేయించడు. పన్నుల విషయంలోనూ ఇంతే. ఇందులో మన దేశానికే ఒకసారి చేదు అనుభవం ఉంది. ఢిల్లీకి కరెంటు ఇచ్చే ఒక ఇంగ్లండ్ కంపెనీ 1947లో తన వ్యాపారాన్ని భారత ప్రభుత్వానికి అమ్మింది. తర్వాత ఆ కంపెనీని మూసేస్తున్నప్పుడు, మాకు రావాల్సిన ఆదాయపు పన్ను ఇప్పించండి అని మన ప్రభుత్వం ఇంగ్లండ్ వెళ్లి అడిగింది. ఇంకో దేశపు పన్ను మేం వసూలు చేసిపెట్టం అని 1955లో అప్పటి అక్కడి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చేసింది. అక్కడ మనకు ఎదురైన నియమమే ఇక్కడ మీ ఇంటికి కాపలా.

పెనాల్టీ అనే మాట దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. కాయితం మీద ఏ పేరు రాసి ఉందన్నది కాదు, ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతుంది, ఎందుకు పోతుంది అన్నది చూడాలి. ఇది 1893లోనే ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాల అప్పీళ్లు వినే లండన్ పై కోర్టు, చెప్పింది. న్యూయార్క్‌లో ఒక చట్టం ఉండేది. కంపెనీ డైరెక్టర్లు తప్పుడు ధ్రువీకరణ ఇస్తే కంపెనీ అప్పులకు వాళ్లే బాధ్యులు. ఆ చట్టం కింద వచ్చిన తీర్పుతో ఒక అప్పిచ్చినాయన కెనడాలో వసూలుకు వెళ్లాడు. ఇది శిక్ష, మేం అమలు చేయం అని అక్కడి కోర్టులు పంపేశాయి. ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. డబ్బు ప్రభుత్వానికి పోవడం లేదు, నష్టపోయినవాడికి పోతోంది, కాబట్టి ఇది ఈ అర్థంలో శిక్ష కాదు అంది.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, రేపు మీ తరఫున ఎవరైనా లాయరు, లోన్ తీర్పులో లేటు ఫీజు పెనాల్టీ అని ఉంది కదా, దాన్ని చూపించి మొత్తం కొట్టేయిస్తాను అంటే నమ్మి ఫీజు కట్టకండి. బ్యాంకు పెనాల్టీ అని పేరు పెట్టినంత మాత్రాన అది 44ఏ చెప్పే పెనాల్టీ అయిపోదు. అది ఒప్పందం ప్రకారం బ్యాంకుకు రావాల్సిన డబ్బు. కోర్టు ఖర్చులూ అంతే. ఇంగ్లండ్ కోర్టు కేసు ఖర్చులు కట్టమని ఇచ్చిన ఆర్డర్‌ను మన దగ్గర అమలు చేయవచ్చని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఖర్చులు జరిమానా కాదు, అవతలి మనిషి కేసు మీద పెట్టిన సొమ్ము.

మన కోర్టుల్లో చెక్ బౌన్స్ కేసు చూసినవాళ్లకు ఈ తేడా సులువుగా అర్థమవుతుంది. మేజిస్ట్రేట్ జరిమానా వేస్తాడు, అందులోంచి ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వమంటాడు. జరిమానాగా మిగిలింది ప్రభుత్వానికి, పరిహారం మనిషికి. ఒకే తీర్పు, డబ్బు దారులు రెండు. దుబాయ్ కాయితాల్లోనూ అలాగే వెతుక్కోవాలి. అరబిక్‌లో జరిమానాను గరామా అంటారు. మీ మొదటి కాయితంలో మొత్తం పక్కన ఆ మాటే ఉంది. రెండో కాయితంలో ఆ మాట నాకు ఎక్కడా కనబడలేదు.

పిల్లలు యూరప్‌లో ఉన్న పాఠకులకు ఇక్కడ ఒక మాట. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. 2005లో వాళ్లు చేసుకున్న ఏర్పాటు ప్రకారం ఒక సభ్యదేశం వేసిన జరిమానాను ఇంకో సభ్యదేశం వసూలు చేసిపెడుతుంది. 70 యూరోల లోపు ఉంటే నిరాకరించవచ్చు. అక్కడి నిర్వచనం కూడా వెడల్పుగా ఉంటుంది. క్రిమినల్ కోర్టు బాధితుడికి ఇప్పించే పరిహారం, కోర్టు ఖర్చులు, బాధితుల నిధికి కట్టమన్న సొమ్ము, అన్నీ అందులోకే వస్తాయి. కోర్టు కాని అధికారి వేసినదైనా, దాని మీద కోర్టుకు వెళ్లే హక్కు ఉంటే చాలు. జర్మనీలో పడిన జరిమానా నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి ఇంటికి ఉత్తరంగా వస్తుంది. అది మోసం కాయితమని చెత్తబుట్టలో వేయకూడదు.

ఇక రెండో కాయితం.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన చాలామంది, ఇండియాకు వచ్చేశాం కదా ఇంకేం చేస్తారు అనుకుంటారు. 2020 దాకా ఆ ధీమాలో కొంత నిజం ఉండేది. 44ఏ అందరు దేశాలవాళ్లకూ పనికిరాదు. కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో నోటిఫై చేసిన దేశాలకే. చట్టంలో వాటిని రెసిప్రొకేటింగ్ టెరిటరీ అంటారు, అంటే మన తీర్పు వాళ్లు, వాళ్ల తీర్పు మనం అమలు చేసుకునే దేశాలు. ఇంగ్లండ్, సింగపూర్, మలేషియా, హాంకాంగ్, న్యూజిలాండ్ ఎప్పటి నుంచో అందులో ఉన్నాయి. 2020 జనవరి 17న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌ను చేర్చారు. ఆ దేశంతో మనకు 1999లోనే న్యాయ సహకార ఒప్పందం ఉన్నా, ఈ నోటిఫికేషన్ రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అందులో ఏయే కోర్టులను పై కోర్టులుగా చూడాలో పేర్లు రాశారు. దుబాయ్ కోర్టులు ఆ జాబితాలో ఉన్నాయి. మీ ఆయన మీద తీర్పు 2021ది. కాబట్టి ఆ ధీమా మీకు లేదు.

అమెరికా ఆ జాబితాలో లేదు. అక్కడి తీర్పు పట్టుకుని వచ్చినవాళ్లు ఇక్కడ దాని మీద కొత్తగా దావా వేయాలి, తీర్పు వచ్చిన మూడేళ్లలోపు. ఎమిరేట్స్ బ్యాంకుకు ఆ బెడద లేదు. తీర్పు సర్టిఫైడ్ కాపీ, ఇప్పటిదాకా ఎంత వసూలైందో ఆ కోర్టు ఇచ్చే సర్టిఫికెట్, ఈ రెండూ తెచ్చి జగిత్యాల జిల్లా కోర్టులో దాఖలు చేస్తే, ఆ తీర్పును జగిత్యాల కోర్టే ఇచ్చినట్టు భావించి అమలు చేయవచ్చు. దీన్నే ఎగ్జిక్యూషన్ పిటిషన్ అంటారు, మా కోర్టుల్లో అందరం ఈపీ అంటాం. ఎక్కడో జరిగే వింత కాదిది. ఆపదలో ఉన్న ఓడను కాపాడినందుకు రావాల్సిన డబ్బు కోసం ఇంగ్లండ్ కోర్టులో డిక్రీ తెచ్చుకున్న ఒక సంస్థ, ఆ ఓడ విశాఖ రేవుకు వస్తే దాని మీద మన హైదరాబాద్ హైకోర్టుకే వచ్చింది. ఆ దారి చెల్లుతుందని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది.

అంత మాత్రాన రేపు పొద్దున కోర్టు అమీనా, అంటే జప్తు చేసే ఉద్యోగి, వచ్చి మీ తలుపు కొట్టడు. 44ఏ కింద వేసిన ఈపీలో మీ ఆయనకు నోటీసు ఇవ్వాలని కోడ్‌లో ఇరవై ఒకటో ఆర్డర్, 22వ రూల్ చెబుతోంది. ఆయన్ని పిలవాలి, ఎందుకు అమలు చేయకూడదో చెప్పుకోనివ్వాలి. అప్పుడు ఆయన ఏం చెప్పుకోవచ్చో 13వ సెక్షన్ ఆరు కారణాలుగా ఇచ్చింది. ఆ కోర్టుకు అధికారం లేకపోవడం, కేసు పూర్వాపరాలు చూడకుండా తీర్పు ఇవ్వడం, అంతర్జాతీయ చట్టాన్ని తప్పుగా చూడటం లేదా వర్తించాల్సిన మన చట్టాన్ని కాదనడం, సహజ న్యాయానికి (ఇద్దరి మాటా వినాలన్న నియమానికి) విరుద్ధంగా విచారణ జరగడం, మోసం చేసి తీర్పు తెచ్చుకోవడం, మన చట్టాన్ని ఉల్లంఘించే క్లెయిమ్‌కు తీర్పు ఇవ్వడం. మీకు వీటిలో రెండే పనికొస్తాయి, మిగతా వాటి కోసం వెతకవద్దు.

మొదటిది, పూర్వాపరాలు చూశారా లేదా అన్నది. మీ ఆయన 2020లోనే వచ్చేశారు కాబట్టి 2021 తీర్పు ఎక్స్‌పార్టీ, అంటే ఆయన హాజరు లేకుండా ఇచ్చినది, అయి ఉంటుంది. ఎక్స్‌పార్టీ కాబట్టి చెల్లదు అని ఊళ్లో కొందరు ధైర్యం చెబుతారు. అది సగం మాట. 2001లో ఒక ఇంగ్లండ్ తీర్పు విషయంలో సుప్రీంకోర్టు చూసింది ఏమిటంటే, అవతలి మనిషి రాకపోయినా ఆ కోర్టు సాక్ష్యం, కాయితాలు చూసి నిర్ణయించిందా, లేక రాలేదు కాబట్టి అడిగినంత ఇచ్చేసిందా అని. ఆ కేసులో సాక్ష్యం చూసిన జాడ తీర్పులో లేదు కాబట్టి అమలు కుదరదంది. మీ రెండో కాయితంలో కోర్టు లోన్ ఒప్పందం, ఖాతా స్టేట్‌మెంట్ పరిశీలించినట్టు ఒక పేరా ఉంది. అకౌంటు లెక్క చూడటానికి నిపుణుణ్ని నియమించినట్టు కూడా ఉన్నట్టుంది. అదే నిజమైతే ఈ వాదన మీకు బలంగా నిలబడదు. మీకు ఆశ పెట్టి పంపడం నాకు ఇష్టం లేదు, అందుకే చెబుతున్నాను.

రెండోది నోటీసు. మీ ఆయనకు కేసు సంగతి తెలియజేశారా? ఎలా? ఖాళీ చేసి వచ్చేసిన దుబాయ్ గది తలుపుకు అంటించారా? ఇక్కడి చిరునామాకు పంపారా? బ్యాంకు దగ్గర మీ ఊరి చిరునామా పాస్‌పోర్టు కాపీలోనే ఉంటుంది. ఆ చిరునామా చేతిలో పెట్టుకుని కూడా వెళ్లిపోయిన మనిషి ఖాళీ గదికే నోటీసు పంపితే, సహజ న్యాయం జరగలేదని మీ ఆయన గట్టిగా అడగవచ్చు. మీ పోరాటం ఏదైనా ఉంటే దీని మీదే.

కాలపరిమితి కూడా చూసుకోవాలి. అది తీర్పు ఇచ్చిన దేశపు చట్టం ప్రకారం లెక్క వేయాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో 1995లో వచ్చిన ఇంగ్లండ్ డిక్రీని 2009లో బెంగళూరులో అమలుకు తెస్తే, ఇంగ్లండ్ గడువు ఆరేళ్లు దాటిపోయిందని కొట్టేసింది. మీది 2021 తీర్పు కాబట్టి మూడేళ్లు దాటింది, పోయింది అనుకుని నిశ్చింతగా ఉండకండి.

సరే, బ్యాంకు ఈపీ వేసింది, మీ అభ్యంతరాలు నిలబడలేదు అనుకుందాం. అప్పుడు కూడా అన్నీ పోవు. డిక్రీ మీ ఆయన మీద. కోర్టు భాషలో జేడీఆర్, అంటే తీర్పు ప్రకారం డబ్బు కట్టాల్సిన మనిషి, ఆయన ఒక్కరే. మీ అమ్మగారు మీకిచ్చిన భూమి మీదే. ఆ గిఫ్ట్ డీడ్, మీ పట్టాదారు పాస్‌బుక్ ఒక దగ్గర భద్రంగా పెట్టుకోండి, ఆ ఒక్క పని ఈ వారంలోనే చేయండి. మీ మంగళసూత్రం, వంట పాత్రలు, మంచాలు, బట్టలు 60వ సెక్షన్ ప్రకారం జప్తుకు రావు. ఇంటి విషయంలో మీ ఉత్తరంలో ఒక ముక్క లేదు, తిరిగొచ్చాక మీ ఆయన ఏం చేస్తున్నారు? ఆయన స్వయంగా సేద్యం చేస్తూ, ప్రధానంగా వ్యవసాయ ఆదాయం మీదే బతుకుతూ, ఆ ఇంట్లోనే ఉంటుంటే, ఆ ఇంటికి ఇదే సెక్షన్ కింద రక్షణ అడగవచ్చు. భూమి ఆయన పేరు మీదే ఉండాలని లేదు. కౌలుకు చేసినా, కూలికి చేసినా ఆ సెక్షన్‌లో వ్యవసాయదారుడే. ఆటో నడుపుతున్నారా, ఏదైనా కంపెనీలో జీతానికి ఉన్నారా, అప్పుడు ఈ రక్షణ దొరకదు, జీతంలో కొంత భాగానికి మాత్రం మినహాయింపు ఉంటుంది.

అప్పు తీర్చనందుకు సివిల్ జైలు అనే మాట కూడా ఫోన్లో అనే ఉంటారు. నిజంగా లేనివాడిని, మోసం లేనివాడిని అప్పు కట్టలేదని జైల్లో పెట్టడం కుదరదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు ఉండి దాచిపెట్టినవాడి సంగతి వేరు.

అందుకే మీ మరిది సలహా వద్దంటున్నాను. ఆయన మంచి కోరే చెప్పి ఉంటారు. కానీ తీర్పు వచ్చాక, ఫోన్లు మొదలయ్యాక ఇల్లు పిల్లల పేరుకు రాస్తే, అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి రాసిన రాత అని ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం 53వ సెక్షన్ కింద బ్యాంకు దాన్ని రద్దు చేయించవచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఇలాగే అల్లుడి పేరుకు రాశాడు. రిజిస్ట్రేషన్ ఖర్చులు పోయాయి, రాత రద్దయింది. అంతకంటే పెద్ద నష్టం, నా దగ్గర నిజంగా డబ్బు లేదు అని ఆయన చెప్పిన మాటను జడ్జి ఆ తర్వాత నమ్మలేదు. మీ ఆయన దగ్గర ఇప్పుడున్న బలం ఆయన నిజాయితీ ఒక్కటే. ఉద్యోగం పోయింది, ఎగ్గొట్టి పారిపోలేదు. దాన్ని ఒక్క రిజిస్ట్రేషన్‌తో పోగొట్టుకోవద్దు.

ఇంటర్‌పోల్ విషయం. రెడ్ నోటీసు, అంటే ఫలానా మనిషిని పట్టుకోమని అన్ని దేశాల పోలీసులకు పంపే విన్నపం, ఇవ్వాలంటే విచారణ కోసమైతే ఆ నేరానికి కనీసం రెండేళ్ల దాకా జైలు పడే వీలుండాలి. శిక్ష పడినవాడి కోసమైతే కనీసం ఆరు నెలల జైలు మిగిలి ఉండాలి. 5,000 దిర్హామ్‌ల జరిమానా ఆ దరిదాపుల్లో లేదు. పైగా ఇంటర్‌పోల్‌కు సొంత పోలీసులు ఉండరు, ఎవరి ఊరికీ రారు. ఇలా పోలీసుల పేరు, సీబీఐ పేరు చెప్పి ఇప్పుడే ఫలానా ఖాతాకు డబ్బు పంపమంటే పంపకండి. నెంబరు రాసిపెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వాళ్లు నిజంగా బ్యాంకు మనుషులే అయితే, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, తీర్పు సర్టిఫైడ్ కాపీ పోస్టులో పంపమని చెప్పి పెట్టేయండి. వాట్సాప్‌లో తిరిగే ఫొటో ఏ కోర్టులోనూ తీర్పు కాదు.

జరిమానా మన దేశంలో వసూలు కాదన్నాను. అంటే అది రద్దయిందని కాదు. దుబాయ్ రికార్డులో అది అలాగే ఉంటుంది. మీ ఆయన మళ్లీ అటు వెళ్తే ఎయిర్‌పోర్టులోనే ఆపే ప్రమాదం ఉంది. ఖతార్‌కో, కువైట్‌కో వెళ్తే గొడవ ఉండదులే అనుకోవద్దు. గల్ఫ్ సహకార మండలి దేశాల మధ్య సివిల్ తీర్పులు అమలు చేసుకునే ఒప్పందం వేరే ఉంది. మళ్లీ గల్ఫ్ వెళ్లే ఆలోచన ఉంటే, వీసా డబ్బు ఏజెంటు చేతిలో పెట్టకముందే ఈ రెండూ తేల్చుకోవాలి. జరిమానా కట్టినంత మాత్రాన లోన్ తీరదు, లోన్ సెటిల్ చేసినంత మాత్రాన జరిమానా పోదు. రెండింటికీ రెండు రసీదులు కావాలి.

సెటిల్‌మెంట్‌కు నేను వ్యతిరేకం కాదు. నిజం చెప్పాలంటే మీ విషయంలో అదే మంచి దారి అనుకుంటున్నాను. తీసుకున్న అప్పు నిజం. మీ చేతిలో నోటీసు వాదన ఉంది, వ్యవసాయదారుడి ఇల్లనే వాదన ఉండవచ్చు. ఈపీ వేసి ఏళ్లకేళ్లు తిరగడం బ్యాంకుకూ ఖర్చే. కాబట్టి వడ్డీ తగ్గించి, అసలులో కొంత మాఫీ చేసి వాయిదాలు ఇవ్వమని మీరు అడగవచ్చు. అయితే ఫోన్ చేసే ఏజెంటుతో కాదు, బ్యాంకుకే నేరుగా ఈమెయిల్ రాయించండి. ఒప్పుకున్నది రాతలో రావాలి. చివరి వాయిదా కట్టాక బాకీ లేదని పత్రం, ఆ 85,000 చెక్కు ఒరిజినల్ రెండూ వెనక్కి తీసుకోవాలి. చాలామంది పత్రం తీసుకుని చెక్కు మర్చిపోతారు.

జిల్లా కోర్టు నుంచి నోటీసు వస్తే మాత్రం వెనక్కి పంపకండి, తలుపేసుకోకండి. తీసుకుని సంతకం పెట్టి, తారీఖు రాసుకోండి. ఆ నోటీసే మీ ఆయన నోరు తెరిచి చెప్పుకోవడానికి దొరికే అవకాశం. లాయరుకు ఇచ్చే డబ్బు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. మీ ఆయనకు దొరకాలంటే ఆదాయ పరిమితి చూస్తారు, మీరిద్దరూ కలిసి వెళ్లండి.

ఒక్కటి చూసి పంపండి. రెండో కాయితం మూడో పేజీ ఫొటోలో సగమే పడింది, కింద వేలు అడ్డం వచ్చింది. నోటీసు ఎవరికి, ఏ చిరునామాలో, ఏ తారీఖున అందించారో సాధారణంగా ఆ పేరాలోనే రాస్తారు. ఆ స్నేహితుడికి చెప్పి ఆ పేజీ మొత్తం మళ్లీ ఫొటో తీయించండి. అరబిక్‌లో ఉన్నా ఫరవాలేదు, చదివించుకుంటాను.